టార్టన్ వస్త్రము: రంగుల ఛాయ, పోగుల లెక్క

గళ్ళ బట్ట యెరుగని తెలుగిల్లు లేదు. గళ్ళ చీర, గళ్ళ లుంగీ, గళ్ళ తువాలు, గళ్ళ దుప్పటి మనకు దినదినమును కంటబడు వస్తువులే. మగ్గమును నమ్ముకొని సోలాపురము మొదలగు పట్టణములకు వెళ్ళి అచ్చటనే స్థిరపడిన కుటుంబములవారికి పడుగు, పేక, నాడె, కండె అను మాటలు వివరింపవలసిన పనియే లేదు. ఇట్టి యెరుక గల తలిదండ్రుల ముందు దూరదేశపు గళ్ళ బట్ట నొకదానిని విప్పి చూపుట ఈ వ్యాసమున మా ఉద్దేశము. అది స్కాట్లండు దేశపు ఉన్నిబట్ట. దాని పేరు టార్టన్. ఆ దేశమున ఒక వంశమునకు, ఒక జిల్లాకు, ఒక సైనికదళమునకు, తుదకు ఒక్క కుటుంబమునకు గాని ఒక్క వ్యక్తికి గాని తనదని చెప్పుకొనదగిన టార్టన్ ఉండవచ్చును. వాడు రంగులు నాలుగైదే. వానిని పేర్చు లెక్క మాత్రము దేనిది దానిదే. ఆ లెక్క యెట్టిది, అది యెట్లు నిలిచినది, దానినుండి మన యిండ్లకు పనికివచ్చున దేమైన కలదా అని విచారింతము.

నేత విధానము

టార్టన్‌నకు మొదటి లక్షణ మొకటి కలదు. పడుగులో ఏ రంగులు, ఏ వరుసలో, ఎన్నెన్ని పోగులుగా నుండునో పేకలోను సాధారణముగా ఆ రంగులే, ఆ వరుసలోనే, అన్నేసి పోగులుగానే యుండును. మన లుంగీలలో పడుగు చారలు ఒక తీరుగను, పేక చారలు మరియొక తీరుగను ఉండుట కద్దు. టార్టన్‌లో నిలువునకు, అడ్డమునకు లెక్క యొకటియే గనుక గడి చతురస్రముగా వచ్చును.

రెండవ లక్షణము నేతకు సంబంధించినది. మన సాదా నేతలో పేక పోగు ఒక పడుగు పోగు మీదుగను, ఒకదాని క్రిందుగను పోవును. టార్టన్‌లో రెండింటి మీదుగను, రెండింటి క్రిందుగను పోవును. తరువాతి పేక పోగు ఒక్క పోగు ప్రక్కకు జరిగి, మరల అట్లే పోవును. ఈ జరుగుటవలన బట్టపై సన్నని యేటవాలు గీతలు తేలును. దీనిని ట్విల్ నేత యందురు. పిల్లలు తొడుగు జీన్సు గుడ్డను దగ్గరగా చూచినచో ఈ జాతి గీతలే కనబడును.

మూడవది రంగుల కలయిక. ఎర్ర పడుగును ఎర్ర పేక దాటినచోట శుద్ధమైన ఎరుపు వచ్చును. నల్ల పడుగును నల్ల పేక దాటినచోట శుద్ధమైన నలుపు. ఎర్ర పడుగును నల్ల పేక దాటినచోట ఈ రెండును గాని నడిమి ఛాయ యొకటి పుట్టును. అది తొట్టిలో అద్దిన రంగు కాదు. ఎర్ర పోగు ఎర్రగానే యున్నది, నల్ల పోగు నల్లగానే యున్నది. కన్ను మాత్రము వానిని కలిపి చూచును. రాబ్ రాయ్ అను పేర ప్రసిద్ధమైన మెగ్రెగర్ వంశపు టార్టన్ ఇట్టిదే. ఎరుపు, నలుపు సమానముగా పేర్చిన రెండు రంగుల గళ్ళవి. చూపునకు మాత్రము మూడు ఛాయలు.

ఇందలి గణితము పిల్లలకు సులభముగా తెలియును. రంగుల సంఖ్యను దాని తరువాతి సంఖ్యతో గుణించి, వచ్చినదానిని సగము చేసినచో ఛాయల సంఖ్య వచ్చును. రెండు రంగులకు మూడు ఛాయలు, మూడింటికి ఆరు, నాలుగింటికి పది, ఐదింటికి పదునైదు, ఆరింటికి ఇరువదియొకటి. ఒక్కొక్క రంగు చేర్చినకొలది ఛాయలు ఎంత వేగముగా పెరుగునో చూడుడు. అందుచేతనే రంగులు ఎక్కువైనచో గళ్ళు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, దూరమునుండి బట్ట మసకగా కనబడును.

పోగుల లెక్క వ్రాయు తీరు

టార్టన్ నమూనాను స్కాట్లండు నేతగాండ్రు ‘సెట్’ అందురు. అది బొమ్మగా కంటె లెక్కగానే నమ్మకముగా నిలుచును. అభ్యాసమునకై మన పిల్లలలో నొకరు తమ యింటికొక టార్టన్ కల్పించుకొనిరని యనుకొందము. ఏటికి గుర్తుగా నీలము, నల్లరేగడి నేలకు నలుపు, వరిచేనికి ఆకుపచ్చ, గడపకు రాయు పసుపునకు పసుపు రంగు ఎంచుకొనిరి. వారు వ్రాసిన లెక్క యిది:

నీలము 24 – నలుపు 8 – ఆకుపచ్చ 24 – పసుపు 4

మొదటిదియు, చివరిదియు మలుపు పట్టీలు. వరుస పసుపు వరకు నడచి, అచ్చటనుండి అద్దములోని బింబమువలె వెనుకకు తిరుగును. అనగా నీలము 24, నలుపు 8, ఆకుపచ్చ 24, పసుపు 4, మరల ఆకుపచ్చ 24, నలుపు 8. ఆపైన మరల మొదటి నీలము. మలుపు పట్టీలు ఆవృత్తికి ఒక్కసారియే వచ్చును. నడిమి పట్టీలు రెండుసారులు వచ్చును. కూడగా ఒక ఆవృత్తికి 92 పోగులు. అంగుళమునకు 46 పోగుల చొప్పున నేసినచో గడి సరిగా రెండంగుళములు. టార్టన్‌లలో మిక్కిలి భాగము ఇట్లు తిరిగివచ్చునవే. తిరిగిరాక ఒకే దిక్కున సాగునవి కొద్దిగా కలవు.

ఇప్పుడు పసుపు పట్టీ సంగతి చూతము. 92 పోగులలో పసుపు 4, అనగా ఇరువదిమూడింట నొకపాలు. పడుగునను పేకయందును అంతే గనుక శుద్ధమైన పసుపు బట్టలో 529 పాళ్ళకు ఒక్కపాలు మాత్రమే. ఆకుపచ్చ పోగులు 48 గనుక శుద్ధమైన ఆకుపచ్చ అదే 529 పాళ్ళలో 144. అయినను బట్టను చూచినవాని కన్ను ముందుగా ఆ పసుపు గీతమీదనే నిలుచును. పెద్ద మడి నడుమ సన్నని గట్టువలె అది నమూనాకంతకును తీరు కూర్చును. నాలుగు పోగులే గదా యని నేతగాడు దానిని విడిచినచో మిగిలిన 88 పోగులున్నను ఆ బట్ట మరియొక బట్టయే యగును.

ఛాయ మారును, లెక్క మారదు

టార్టన్ విషయమున తెలిసికొనదగిన ముఖ్యసూత్ర మొకటి కలదు. ఒక నమూనాలో ‘ఎరుపు’ అని యున్నచో అది ఏ యెరుపు అను విషయము చాలవరకు నేతగానికి విడిచిపెట్టబడును. ఒకే వంశపు టార్టన్ ముదురు రంగులలో ‘మోడరన్’ అను పేరను, పూర్వపు ఆకుల అద్దకమును తలపించు లేతరంగులలో ‘ఏన్షెంట్’ అను పేరను, ఎండకు వానకు వెలసినట్లుండు రంగులలో ‘వెదర్డ్’ అను పేరను అమ్ముడుపోవును. మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టినచో తెలియనివారు మూడు వేరు బట్టలని భ్రమింతురు. తెలిసినవారు పోగులు లెక్కించి ఒకటే యని తేల్తురు. ఒక్కొక్క లోయలో దొరకు నాచు, వేరు, బెరడు ఒక్కొక్కటి. నీటి గుణమును వేరు. కనుక ఛాయలో పట్టుదల పనికిరాదు. లెక్కలో మాత్రము సడలింపు పనికిరాదు.

ఈ లెక్కను వారెట్లు కాపాడిరి? మార్టిన్ మార్టిన్ అను స్కాట్లండు రచయిత 1703లో అచ్చువేసిన పడమటి దీవుల వర్ణన గ్రంథమున దీనికి జవాబు కలదు. అచ్చటి స్త్రీలు బట్ట నమూనాను ఒక కఱ్ఱముక్కపై గుర్తించి, ఏ చారకు ఎన్ని పోగులో దానిపై సరిగా నిలుపుకొనుటకు ఎంతో శ్రమపడుదురని ఆయన వ్రాసినాడు. బట్ట తీరును చూచి మనిషి ఏ ప్రాంతమువాడో పోల్చవచ్చునని కూడ వ్రాసినాడు. ఆయన చెప్పినది ప్రాంతమును గూర్చి. వంశమును గూర్చి కాదు. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలెను.

పాతదనమును గూర్చిన నిజము

స్కాట్లండు వంశములకు వేయేండ్లనుండి వేరు వేరు టార్టన్‌లు కలవని పెక్కుమంది నమ్ముదురు. చరిత్ర అట్లు చెప్పదు. గళ్ళ బట్ట మాత్రము ప్రాచీనమే. 1930 దశకమున ఫాల్కర్క్ పట్టణమున రోమనుల వెండి నాణెముల కుండ యొకటి బయల్పడగా, దాని మూతికి కుక్కిన చిన్న గుడ్డముక్క దొరికినది. అది క్రీస్తు తరువాత మూడవ శతాబ్దికి చెందినది. అద్దకము లేక సహజమైన లేత, ముదురు ఉన్నులతో నేసిన గళ్ళది. పిమ్మట 1980 ప్రాంతమున గ్లెన్ ఆఫ్రిక్ అను చోట బురదనేలలో దొరికిన మరియొక ముక్కను 2023లో శాస్త్రజ్ఞులు పరీక్షించి, అది చాలవరకు 1500–1600 నడుమ నేసినదని తేల్చిరి. అద్దిన పెక్కురంగులతో నేటివరకు నిలిచిన టార్టన్‌లలో అదియే అన్నిటికంటె పాతదని నిర్ణయింపబడినది. ఈ రెండు ముక్కలకును వంశనామమేమియు లేదు.

1746లో కలోడెన్ యుద్ధమున తిరుగుబాటుదారులు ఓడిపోయిరి. అదే సంవత్సరమున బ్రిటిషు పార్లమెంటు హైలాండ్సు అను ఉత్తరపు కొండసీమ దుస్తులను పురుషులకు, బాలురకు నిషేధించెను. మొదటి తప్పునకు ఆరు మాసముల కారాగారము. రెండవదానికి ఏడేండ్లు సముద్రము దాటించు శిక్ష. సైనికులకు మాత్రము మినహాయింపు కలదు. ఈ శాసనము 1782లో రద్దగువరకు ముప్పదియైదేండ్లు నడచెను. ముప్పదియైదేండ్లనగా ఒక తరము. ఆ తరమున ఇంటి మగ్గములపై నిలువవలసిన నమూనాలు ఎన్నియో మరుగుపడినవి.

ఆ కాలమున బానక్‌బర్న్ గ్రామమందలి విల్సన్ కుటుంబమువారు సైనికదళములకు టార్టన్ నేసి వర్తకము పెంచుకొనిరి. 1819లో వారు తమ నమూనాల పోగుల లెక్కలను ఒక పుస్తకమున వ్రాసిపెట్టిరి. అందు రెండు వందలకు పైగా నమూనాలు కలవు. వారి నమూనాలలో కొన్నిటికి మొదట సంఖ్యయే పేరు. వంశనామము తరువాత వచ్చి చేరినది. 1822లో నాలుగవ జార్జి రాజు ఎడిన్‌బరో నగరమును దర్శించినపుడు సర్ వాల్టర్ స్కాట్ ఏర్పాటుచేసిన ఉత్సవములలో ప్రముఖులందరును టార్టన్ ధరించి రావలెనన్న ఉబలాటము పుట్టెను. ప్రతి వంశమునకును ఒక టార్టన్ కావలసి వచ్చెను. ఆ ఆత్రము ఎంతవరకు పోయెననగా, 1842లో ఇద్దరు సోదరులు ‘వెస్టియారియమ్ స్కోటికమ్’ అను గ్రంథమును ప్రకటించి, ప్రాచీనమైన వ్రాతప్రతినుండి వంశపు టార్టన్‌లను తీసితిమని చెప్పిరి. ఆ వ్రాతప్రతి కల్పితమని పండితులు పిమ్మట తేల్చిరి.

ఇంతమాత్రమున టార్టన్ బూటకమని కొట్టివేయుట న్యాయమా? కాదని మా అభిప్రాయము. కల్పించినదానిని ప్రాచీనమని చెప్పుట అసత్యము. ఆ అసత్యమును ఖండింపవలసినదే. కాని ఆ గ్రంథమున వచ్చిన నమూనాలు కొన్నిటిని అయిదారు తరములవారు శుభకార్యములందు ధరించిరి, పోగు తప్పక నేయించుకొనిరి, బిడ్డలకు అప్పగించిరి. ఆ ధరించుటయు, అప్పగించుటయు కల్పితములు కావు. ఒక ఆచారము ఎప్పుడు పుట్టినదను ప్రశ్న చరిత్రకారునిది. దానిని ఎవరు, ఎంత శ్రద్ధగా నిలిపిరను ప్రశ్న ఇంటివారిది.

కొత్త టార్టన్‌లు

కొత్తదియైనను దాచక కొత్తదని చెప్పి మొదలుపెట్టిన టార్టన్‌నకు మంచి ఉదాహరణము కెనడాలో కలదు. నోవా స్కోషియా యనగా ‘కొత్త స్కాట్లండు’ అని అర్థము. సముద్రము దాటి వచ్చి స్థిరపడిన స్కాట్లండు సంతతివారు అచ్చట పెక్కుమంది. 1953లో ఒక వ్యవసాయ ప్రదర్శనకై బెస్సీ మర్రే అను నేతకత్తె గొఱ్ఱెల పెంపకమును తెలుపు చిత్రపటమును సిద్ధపరచెను. అందలి గొఱ్ఱెలకాపరి బొమ్మకు టార్టన్ తొడుగవలసి వచ్చెను. ఏ వంశపుది తొడిగినను తక్కిన వంశములవారు నొచ్చుకొందురు. అందుచే నామె ఎవరిదియు గాని కొత్త నమూనా కల్పించెను: సముద్రమునకు నీలము, అడవులకు ఆకుపచ్చ, రాళ్ళకును నురుగునకును తెలుపు, రాజచిహ్నములకు బంగారు వన్నె, ఎరుపు. చూచినవారందరును అది తమదే యనిరి. బొమ్మకు తొడిగిన ఆ బట్టయే ఆ రాష్ట్రమునకు అధికార టార్టన్ అయినది.

స్కాట్లండులో 2008లో చేసిన చట్టము ననుసరించి 2009 ఫిబ్రవరి 5వ తేదీన టార్టన్‌లకు ప్రభుత్వ పట్టిక యొకటి ఏర్పడినది. కొత్త నమూనాను చేర్పదలచినవారు దాని పేరు, రంగులు, పోగుల లెక్క, ఆ పేరుతో తమకు గల సంబంధము తెలుపవలెను. ముందున్న నమూనాలకంటె అది స్పష్టముగా వేరై యుండవలెను. ఈ విధముగా వంశము లేనివారికిని, పరదేశమునుండి వచ్చినవారికిని తమదైన టార్టన్ నమోదు చేసికొను దారి తెరచియున్నది. ఈ పట్టికకు ముందే, 1999లో, ‘సింగ్’ అను పేర ఒక టార్టన్ రూపొందినది. స్కాట్లండులో సిక్కులు దానిని ధరించుట కలదు. తలపాగా పంజాబుది, గడి స్కాట్లండుది. రెండును ఒక్క మనిషిపై నెమ్మదిగా నిలిచినవి.

బట్ట నిలిచినది, భాష తగ్గినది

ఇంతవరకు చెప్పినది టార్టన్ గెలుపు. దీని ప్రక్కనే యొక నష్టము కలదు. తలిదండ్రులు ముఖ్యముగా దానిని గమనింపవలెను. ఈ బట్టను మొదట నేసిన కొండసీమవారి భాష గేలిక్. 1872లో స్కాట్లండునకు విద్యాచట్టము వచ్చినపుడు అందు గేలిక్ భాషకు చోటు లేకపోయెను. 1891 జనాభా లెక్కలలో ఆ భాష మాటలాడువారు రెండున్నర లక్షలకు పైగా నుండిరి. 2011 నాటికి 58 వేలకు లోపయిరి. ఈ మధ్యకాలముననే టార్టన్ ప్రపంచమంతట వ్యాపించినది! వంశనామము గల బట్ట ధరించి, ఆ వంశపు పాట తెలియనివారు లక్షలమంది యైరి. బట్ట ధరించుట సులభము. పండుగనాడు తీసి మరల పెట్టెలో పెట్టవచ్చును. భాష అట్లు కాదు. దానిని దినదినమును నేయవలెను.

1985లో గ్లాస్గో, ఇన్వర్నెస్ నగరములలో గేలిక్ మాధ్యమమున ప్రాథమిక తరగతులు మొదలైనవి. 2022 జనాభా లెక్కలలో గేలిక్ మాటలాడువారు సుమారు 70 వేలు. శతాబ్దమునకు పైగా తగ్గుచు వచ్చిన సంఖ్య మరల పెరిగినది. ఆ పెరుగుదలలో బడిపిల్లల పాలు కలదు.

ఇప్పుడు మన యిండ్ల వైపు చూతము. సోలాపురపు తెలుగున మరాఠీ ఛాయ కలదు. బళ్ళారి తెలుగున కన్నడపు ఛాయ, కోయంబత్తూరు తెలుగున తమిళపు ఛాయ, బరంపురపు తెలుగున ఒడియా ఛాయ కలదు. తరతరములుగా ఆ నేలపై బ్రదికినవారి మాటకు ఆ నేల వన్నె పట్టుట సహజము. పొరుగుభాషతో మన భాష దాటినచోట నడిమి ఛాయ పుట్టును. రెండు పోగులును దేని రంగున నది నిలిచియే యుండును. ‘మా పిల్లల తెలుగు కోస్తావారి తెలుగువలె లేదు’ అని సిగ్గుపడి, దానిని ఇంటిలో మాటలాడుటయే మానిన కుటుంబములను మేమెరుగుదుము. ఛాయ చూచి బట్టను పారవేసినట్లున్నది వారి పని.

జాగ్రత్తపడవలసినది లెక్కను గూర్చి. నేడు మన పిల్లలలో తెలుగు మాటలాడుచు, చదువను వ్రాయను రానివారు పెక్కుమంది. వారి తెలుగు లెక్క వ్రాయని నమూనా వంటిది. అవ్వ యున్నంతకాలము అది నడచును, అవ్వతో పోవును. పడమటి దీవుల స్త్రీలకు కఱ్ఱముక్క యెట్టిదో మన బిడ్డలకు అక్షరము అట్టిది. బడి ఆ అక్షరము నేర్పును. ఇంటివారు దానిని ప్రతిదినమును వాడింపవలెను: తాతగారికి ఒక జాబు, అంగడికి తీసికొనిపోవు సరకుల చీటీ, అమ్మమ్మ చెప్పిన కథ నోటుపుస్తకమున. ఇవి నాలుగు పోగులే. పసుపు గీతయు నాలుగు పోగులే.

అభ్యాసము

ఈ సెలవులలో తలిదండ్రులు పిల్లలతో కూడి గళ్ళ కాగితముపై ఒక టార్టన్ గీయవలెనని కోరుచున్నాము. రంగులు నాలుగింటికి మించనీయకుడు. పోగులను నాలుగేసి చొప్పున లెక్కించినచో నేతకు అనుకూలము. ఒక్కొక్క రంగు దేనికి గుర్తో పెద్దలను అడిగి పిల్లలచేతనే నిర్ణయింపజేయుడు. పూర్వులు వదలి వచ్చిన ఊరు, ఇప్పుడున్న ఊరు, ఇంటి వృత్తి, వంటయింటి వాసన, ఏదైన కావచ్చును. ఛాయలెన్ని వచ్చునో, ఆవృత్తికి పోగులెన్నో పిల్లలు లెక్కగట్టవలెను. అటుపిమ్మట బొమ్మ క్రింద రంగుల పేర్లను, పోగుల లెక్కను, తేదీని, చేసినవారి పేరును తెలుగు అక్షరములలో వారిచేతనే వ్రాయించుడు. అది పాతది కాదు; పాతదని చెప్పుకొనవలసిన అవసరమును లేదు. తేదీ వేసి యుంచినచో, దానిని పాతదిగా చేయు పని తరువాతివారు చూచుకొందురు.